పదిమంది చూపు

అవధానమనగానే తెలుగువానికి వేదిక కనిపిస్తుంది. నడుమ అవధాని, చుట్టూ ఎనిమిదిమంది పృచ్ఛకులు, ఎదురుగా సభ. ఒకరు నిషిద్ధాక్షరితో అడుగడుగునా అడ్డు తగులుతారు, ఒకరు దత్తపది ఇస్తారు, ఒకరు సమస్య విసురుతారు. అప్రస్తుత ప్రసంగం చేసే పెద్దమనిషి ఏదో చిలిపి ప్రశ్న వేసి ఏకాగ్రతను చెడగొట్టబోతాడు. గంట మోగుతూ ఉంటుంది, దాని లెక్క కూడ అవధానే పెట్టుకోవాలి. చివరికి ధారణ, ఆ వెనుక చప్పట్లు, శాలువ.

కాని ఆ మాటకున్న అసలర్థంలో చప్పట్లు లేవు, శాలువ లేదు. అవధానమంటే మనసు నిలిపి వినడం, ఒకదానిమీద శ్రద్ధ పెట్టడం. ('అవధరించు' అన్నదానికి ధాతువు వేరు. అయినా అర్థంలో రెండూ చుట్టాలే.) అంటే అది మనిషి ఇచ్చేది, పుచ్చుకునేది కాదు. ఎనిమిదిమందికి ఒకేసారి చెవి ఒగ్గగలవాడు గనుకనే ఆయన అవధాని అయినాడు. మనం ఆ సంగతి మరచిపోయి, ఎనిమిదివందలమంది ఎవరివైపు చూస్తున్నారో ఆయనే అవధాని అనుకుంటున్నాం.

ఇతరుల దృష్టి తనమీద పడాలన్న కోరికను గురించి, అది ఎట్లా సడలుతుందన్న దానిని గురించి వ్రాద్దామని కూర్చుంటే ముందుగా ఈ మాటే అడ్డం వచ్చింది. ఆ కోరికకు తెలుగులో సరిగా అతికే పేరు నాకు దొరకలేదు. మెప్పు అందామంటే దాని వెనుక ఒక మంచిపని ఉండాలి. కీర్తి మరీ పెద్దమాట, మనిషి పోయిన తరువాత నిలిచేది. గుర్తింపు అన్నది సంఘాలు, కార్యాలయాలు వాడి వాడి అరగదీసిన నాణెం. ఇప్పటి పిల్లలు మాత్రం ఏ ఇబ్బందీ లేకుండా "వాడు అటెన్షన్ కోసం చేస్తున్నడు సార్" అంటారు. మా చిన్ననాడు అటెన్షన్ అంటే డ్రిల్లు పీరియడులో మడమలు కలిపి నిలబడడమే.

మన పలుకుబడిలో 'నలుగురు' వేరు, 'పదిమంది' వేరు. నలుగురూ ఏమనుకుంటారో అని భయపడతాం, పదిమందిలో పేరు రావాలని ఆశపడతాం. నలుగురు తీర్పరులు, పదిమంది ప్రేక్షకులు. నేను మాట్లాడబోయేది ఆ పదిమందిని గురించి.

వేదాంతులు దీనిని లోకేషణ అని త్రోసిపుచ్చుతారు. బృహదారణ్యకోపనిషత్తు పుత్రైషణ, విత్తైషణ, లోకైషణ అని మూడింటిని చెప్పి, వాటిని దాటినవారు భిక్షువులై సంచరిస్తారంటుంది. అక్కడ లోకమంటే జనం కాదు, కర్మఫలంగా పొందే పైలోకాలు. నేటి ప్రవచనకారులు దానికి జనం మెప్పును కోరడమని అర్థం చెబుతున్నారు. మన తెలుగు వాడుకలోనైతే ఈషణత్రయమంటే దారేషణ, ధనేషణ, పుత్రేషణ అని స్థిరపడి, లోకం కాస్తా జారిపోయింది. అర్థం మారితే మారింది గాని, మారిన అర్థమే ఈ కాలానికి ఎక్కువ పనికివస్తుందని నాకనిపిస్తుంది. నా పేచీ అర్థంతో కాదు, మందుతో. విడిచిపెట్టు అంటే పోయే కోరిక కాదిది. అణచినకొద్దీ వినయమనే వేషం కట్టుకుని వస్తుంది. "నేనెంతటివాణ్ణి, నన్ను వేదిక మీదికి పిలవడమేమిటి" అని మైకు ముందర పది నిమిషాలు చెప్పేవారిని మీరూ చూసే ఉంటారు.

బడిపంతులు కొలువు ఈ కోరికకు మంచి ఎరువు. ముప్పైనాలుగేండ్లు జిల్లాపరిషత్తు పాఠశాలల్లో తెలుగు చెప్పాను. రోజుకు అయిదారు పీరియడ్లు, తరగతికి నలభై యాభై జతల కండ్లు. వినేవారు వింటారు, విననివారు వినరు గాని చూడడం మాత్రం అందరూ చూడవలసిందే. చూడనివాణ్ణి లేపి నిలబెట్టే అధికారం కూడ మాకున్నది. జీతంతో పాటు ఇంత చూపు దొరికే ఉద్యోగం మరొకటి ఉన్నదో లేదో నాకు తెలియదు. విరమణ నాడు దండలు వేసి, మేళతాళాలతో ఇంటిదాకా దింపి వెళతారు. మరునాడు ప్రార్థన గంట వేళకు స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఎటుపోవాలో తెలియక వసారాలో కూర్చున్నవారిని ఎందరినో ఎరుగుదును.

నార్కట్‌పల్లి రెండుదారులు చీలే ఊరు. హైదరాబాదు నుంచి విజయవాడ పోయే రహదారి (ఒకప్పుడు 9వ నెంబరు, ఇప్పుడు 65) మీదినుంచి అద్దంకి దారి ఇక్కడే విడిపోతుంది. బస్సుస్టాండులో ఒక పూట నిలబడితే సగం జిల్లా కంటిముందర నడిచిపోతుంది. కొలువులో ఉన్న రోజుల్లో అక్కడ నిలబడితే పది నమస్కారాలకు తక్కువ వచ్చేవి కావు. విరమణ తరువాత మొదటి సంవత్సరం అయిదారు. ఇప్పుడు ఒకటో రెండో. ఆ ఒక్కటీ పెట్టినతడు కూడ మొన్న "మీరు లెక్కలు చెప్పిన సారు కదా?" అన్నాడు. ఔను అన్నాను. అతనికి లెక్కలు బాగా వచ్చినట్టున్నాయి, కారులో దిగాడు. ఆ గౌరవం లెక్కల మాస్టారికి ముట్టితే నాకు పోయేదేమున్నది?

ఈ లోటును పూడ్చడానికే గాబోలు మన పట్టణాల్లో సన్మానాల అంగడి ఇంత పెరిగింది. 'సాహితీ'తో మొదలై 'రత్న'తో ముగిసే బిరుదులు, మామిడిపిందెల లెక్కన శాలువలు, ఇంట్లో పెట్టడానికి చోటులేని జ్ఞాపికలు. కొన్నిచోట్ల సభాఖర్చు అనే పేరుతో సన్మానం పొందేవారే ముందుగా సొమ్ము కట్టాలట. ఏ గుడికి పోయినా ట్యూబులైటు మీద దాత పేరు, ఊరు, ఇంటిపేరుతో సహా ఎర్రరంగులో కనిపిస్తుంది. ఆ అక్షరాలు అడ్డం వచ్చినంత మేర వెలుతురు తగ్గుతుంది. నాతో పనిచేసిన ఒక మిత్రుడు విరమణ తరువాత మూడేండ్లలో పదకొండు సన్మానాలు చేయించుకున్నాడు. పన్నెండోదానికి నన్ను వక్తగా రమ్మన్నాడు, పోయాను. తిరిగివస్తూ దారిలో అతడన్న మాట ఒకటి మరపురాదు: "పంతులూ, స్టేజీ దిగంగనే మళ్ళ మొదటికే వస్తది." అతణ్ణి చూసి నవ్వేవారు చాలామంది ఉన్నారు. నాకు నవ్వురాలేదు. ముప్పైయేండ్లు ఇతరుల కండ్లలో తనను చూసుకున్నవానికి ఆ అద్దం తీసేస్తే, తానున్నాడో లేడో అన్న సందేహమే కలుగుతుంది. దానికి శాలువ ఏం చేస్తుంది? కాసేపు కప్పుతుంది.

అయితే, పదిమంది చూపును కోరడం ఎప్పుడూ చాపల్యమేనా అంటే కాదనే నా గట్టి నమ్మకం. తరగతిలో హాజరు పిలిచేటప్పుడు నేను ఇంటిపేరుతో సహా పూర్తిపేరు పిలిచేవాణ్ణి. సమయం వృథా అని ప్రధానోపాధ్యాయులొకరు మందలించారు గూడ. కాని కొందరు పిల్లలకు దినమంతటిలో తమ పేరు సరిగా వినిపించేది ఆ ఒక్కసారే. ఇంట్లో "ఓరేయ్", చేలో "పోరడా", బడిలో మిగిలిన వేళల్లో "ఆ వెనుక బెంచీవాడా". వెనుక బెంచీలో బల్లమీద దరువు వేసే పిల్లవాడు అల్లరివాడు కాడు, ఆకలిగా ఉన్నవాడు. వాడిముందు నిలబడి 'చూపుకోసం వెంపర్లాడకు నాయనా' అని ఉపదేశించడం, అన్నం అడిగినవానికి ఉపవాస మహిమ చెప్పడం వంటిది. ఆకలి వేరు, చాపల్యం వేరు. ఆకలి తీరితే ఆగుతుంది. రెండవదానికి తీరడమన్నది లేదు.

ఒక్క మనిషికే కాదు, ఒక సీమకు కూడ ఇటువంటి ఆకలి ఉండవచ్చు. మా దక్షిణ తెలంగాణమే అందుకు సాక్ష్యం. నిజాము రాష్ట్రంలో కచేరీలలోను, పెద్దచదువులలోను ఉర్దూ ఏలుతున్న కాలం. సరిహద్దుకు ఆవల అచ్చవుతున్న తెలుగు పత్రికలలోను, కావ్యచరిత్రలలోను మావారి ఊసు అరుదు. అటువంటి రోజుల్లో ఒక పండితుడు తెలంగాణలో కవులు పూజ్యమన్నాడట. పూజ్యమంటే పూజింపదగినదనీ అర్థమే, సున్న అనీ అర్థమే. ఆయన ఉద్దేశించింది రెండవదని వేరే చెప్పనక్కరలేదు. ఆ మాట విని మండిపడినవారు చాలామంది. మండిపడి ఊరుకోనివారు ఒకరు - పాలమూరు సీమలో ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డిగారు. 1926 మే నెలలో మొదలైన 'గోలకొండ' పత్రికకు సంపాదకులు.

ఆ స్థానంలో మరొకరుంటే ఏం చేసేవారు? తానూ కవే గనుక తన కావ్యాన్ని ముందుకు తోసి 'ఇడుగో కవి' అనేవారు. లేదా ఆ పండితునిమీద వరుసగా పది వ్యాసాలు వ్రాసి, రెండుపక్షాలవారికీ కావలసినంత ప్రచారం సంపాదించిపెట్టేవారు. రెండూ లోకం చేసే పనులే. ప్రతాపరెడ్డిగారు ఊరూరికీ వర్తమానం పంపి కవులను వెదికించారు. పద్యాలను, వారి వివరాలను తెప్పించి 1934లో 'గోలకొండ కవుల సంచిక' వెలువరించారు. అందులో ఉన్నవారు 354 మంది. పట్వారీలు, పంతుళ్ళు, గుమాస్తాలు, తమ పల్లె పొలిమేర దాటి పేరు వినబడనివారు, అప్పటికే గతించినవారు. వారిలో మహాకవులెందరు అని అడిగితే నేను పెదవి విరుస్తాను. చాలా పద్యాలు సాధారణమే, కొన్నింటిలో యతి కుంటుతుంది కూడ. అయినా ఆ సంచిక చేసిన పని పద్యనాణ్యతతో తేలేది కాదు. "మమ్మల్నెవరూ చూడడం లేదు" అన్న బాధకు ఆయన ఇచ్చిన ప్రత్యుత్తరం, "అయితే మనమే చూద్దాం" అన్నది. పరులు చూడలేదని మొరపెట్టుకుంటూ కూర్చుంటే పరుల చూపే కొలబద్దగా నిలిచిపోయి ఉండేది. ఒకరు శ్రద్ధగా చూడడం మొదలుపెట్టగానే కొలబద్ద ఇక్కడికి వచ్చింది.

అంతటి మనిషి స్వయంగా తనపేరుమీద ఎంత పట్టువిడుపుగా ఉండేవారంటే, 'గోలకొండ'లో మారుపేర్లతో వ్రాయడం ఆయనకు పరిపాటి. పత్రికకు చేయి చాలనప్పుడు ఖాళీలు నింపే అవసరం కొంత, నిజాము ప్రభుత్వపు కన్ను తప్పించే అవసరం కొంత ఉండి ఉండవచ్చు. కారణమేదైనా, పేరు లేకుండా కూడ కలం ఆగలేదన్నదే నాకు ముఖ్యం. ఆయన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'నే తీసుకోండి. 1949లో వచ్చింది. రాజుల వంశవృక్షాలను పక్కనబెట్టి జనం ఏం తిన్నారు, ఏ ఆటలాడారు, ఏ నగలు పెట్టుకున్నారు, ఏ దేవతకు మొక్కారు అని కావ్యాలన్నీ గాలించి వ్రాసిన పుస్తకం. చరిత్ర చూపు ఎన్నడూ పడని మనుషులను చూడడానికి కూర్చున్న మనిషి వ్రాసింది. 1952లో వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికైనారు, 1953 ఆగస్టు 25న కన్నుమూశారు. 1955లో సాహిత్య అకాడమీ తెలుగుకు ఇచ్చిన మొట్టమొదటి పురస్కారం ఈ పుస్తకానికే వచ్చింది. అప్పటికి ఆయన లేక రెండేండ్లు.

ఈ సంగతి చెప్పినప్పుడల్లా "అయ్యో, బ్రతికుండగా రాలేదే" అని తరగతిలో పిల్లలు నిట్టూర్చేవారు. నాకూ బాధే. కాని ఆ బాధ మనది, ఆయనది కాదు. పురస్కారం రాకపోవడంవల్ల ఆ పుస్తకంలో ఒక్క అధ్యాయమైనా తగ్గిందా?

చూపునకూ అవధానానికీ ఉన్న ఎడం మా నల్లగొండ జిల్లా ఇంకొక విధంగా గూడ నేర్చుకున్నది. అదీ చెప్పి ముందుకు పోతాను. మా జిల్లా పేరు సముద్రాలు దాటింది నీళ్ళలోని విషంవల్ల. నీటిలోని ఫ్లోరైడును పటిక, సున్నం, బ్లీచింగు పొడితో తొలగించే పద్ధతిని నాగపురంలోని జాతీయ సంస్థ నీరి 1970లలో రూపొందించింది. దానికి 'నల్గొండ టెక్నిక్' అని పేరు. ఆఫ్రికా దేశాల నీటి ఇంజనీర్లకు కూడ తెలిసిన పేరది. మర్రిగూడ వైపు పల్లెల్లో కాళ్ళు వంకరపోయిన పిల్లలను చూడడానికి దశాబ్దాల పాటు ఎందరో వచ్చారు. కెమెరాలు వచ్చాయి, నాయకులు వచ్చారు. అటువంటి ఊరినుంచి వచ్చి మా బడిలో చదివిన ఒక ఆడపిల్ల, పరిశీలకులు వస్తున్నారంటే పుస్తకాల సంచి ఒళ్ళో పెట్టుకుని కాళ్ళు కప్పుకునేది. "వాళ్ళు చూస్తరు సార్, నీళ్ళు మాత్రం తేరు" అన్నదొకసారి. నదినీళ్ళు కుళాయిల్లోకి రావడానికి ఆ తరువాత చాలా ఏండ్లు పట్టింది. చూపుల్లో లోటులేని చోట కూడ అవధానానికి కరువు ఉండవచ్చునని ఆ అమ్మాయి నాకు చెప్పినంత సూటిగా ఏ గ్రంథమూ చెప్పలేదు.

మళ్ళీ అవధానుల దగ్గరికి వస్తాను. తిరుపతి వేంకట కవులను తలచుకోకుండా ఈ ప్రసంగం ముగియదు. పదిమంది చూపును వారంతగా గెలుచుకున్న కవులు ఆ కాలంలో లేరు. సంస్థానాలు, సభలు, ఏనుగులెక్కి ఊరేగడాలు, కవులమని సవాలుగా మీసాలు పెంచడం, సాటికవులతో ఏండ్లతరబడి వాదాలు - అన్నీ జరిగాయి. 1920లో దివాకర్ల తిరుపతి శాస్త్రిగారు పోయారు. చెళ్ళపిళ్ళ వేంకట శాస్త్రిగారు మరి ముప్పైయేండ్లు జీవించారు. ఆ ముప్పైయేండ్లలో తానొక్కరే వ్రాసిన వాటిని కూడ జంటపేరుతోనే వెలువరించారు. నాకు ఆశ్చర్యం కలిగించేది ఏనుగుల మీది ఊరేగింపు కాదు, ఇది. అంతటి పేరున్న మనిషి, తన కృతిమీద పేరును సగం చేసి, ఆ సగాన్ని లేని స్నేహితునికి ఇచ్చివేయడం. ఆయన కీర్తికాంక్షను పూర్తిగా దాటారని నేను అనను. 'కథలు - గాథలు' చదివినవారెవరూ అనలేరు, దిగ్విజయాల ముచ్చట్లు అందులో దండిగా ఉన్నాయి. కాని బందరు హిందూ ఉన్నతపాఠశాలలో ఆయన తెలుగు పండితుడు. విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతం వంటివారు ఆయన శిష్యులు. సభలో వందమందికి ఒకేసారి చెవి ఇచ్చిన శతావధాని, ఆ చెవిని తరగతిగదిలో పిల్లలకు ఇచ్చాడన్నమాట. శిష్యుల పేరు గురువు పేరును మించిపోతుంటే మురిసిపోవడం ఆ కొలువులో ఉన్న లాభం. అది నాకు కూడ కొంత అనుభవమే. (నా శిష్యుల్లో జ్ఞానపీఠాలు లేవు. ఆర్టీసీలో కండక్టరుగా చేస్తూ కందపద్యం తప్పులేకుండా చెప్పగలిగినవాడు ఒకడున్నాడు. నాకది చాలు.)

పేరే వద్దనుకున్న పనులు మా చుట్టుపక్కల ఎన్నో ఉన్నాయి. పానగల్లులో కందూరి చోడుల నాటి గుళ్ళను చూడండి. శాసనంలో రాజు ఉంటాడు, దాత ఉంటాడు, ఇచ్చిన భూమికి హద్దులు కూడ ఉంటాయి. పచ్చల సోమేశ్వరుని గోడలమీద అంత నాజూకైన శిల్పం చెక్కినవాని పేరు మాత్రం నేను వెదికినంత మేర కనిపించలేదు. సుద్దాల హనుమంతుగారి పాటలూ అంతే. పశువులు కాచే పసివాని మీద ఆయన కట్టిన పాటను 1980లో 'మాభూమి' సినిమా విడుదలైనప్పుడు లోకమంతా విన్నది గాని, అంతకుముందే అది మాకు తెలుసు. మా పల్లెలో దానిని పాడిన ఆడవాళ్ళలో చాలామందికి కట్టిందెవరో తెలియదు. "అది మన పాట" అనేవారు. పాట కట్టినవానికి ఇంతకంటె పెద్ద బిరుదు ఏ సంఘమిస్తుంది? అయితే ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి. శిల్పికి పేరు వద్దనిపించిందో, చెక్కుకునే హక్కు లేకపోయిందో మనకు తెలియదు. దొరికినదాన్ని విడవడం వేరు, అసలు దొరకనివ్వకపోవడం వేరు.

ఇక నా సంగతి. విరమణ తరువాత నేను పెట్టుకున్న పని చిన్నది: చుట్టుపక్కల ఊళ్ళలో పొలాల పేర్లు వ్రాసుకోవడం. సర్వే నెంబర్లు కావు, మనుషులు పిలిచే పేర్లు. మా సీమలో మెట్టచేనును చెలక అంటారు. ప్రతి చెలకకూ ఒక పేరుంటుంది - మొండిగుండ్ల చెలక, తుమ్మలకుంట కింది మడి, పాటిమీది చేను. పాటి అన్న మాట ఎక్కడ వినబడ్డా చెవులు రిక్కించాలి, అక్కడ ఎప్పుడో ఒక పాత ఊరు ఉండేదని దానర్థం. రహదారి పొడుగునా చెలకలు ప్లాట్లయి, హద్దురాళ్ళకు రంగులు పడి, పాతపేర్లు పోతున్నాయి. ఇందులో కొత్తదనమేమీ లేదు. మా జిల్లా చరిత్రమీద, శాసనాలమీద బి.ఎన్. శాస్త్రిగారు ఎంతో పని చేసిపోయారు. నాది ఆ పెద్దపనికి పక్కన ఒక చిల్లర పద్దు.

నిరుడు చెరువుగట్టు దాపున ఒక ముసలాయన దగ్గర కూర్చున్నాను. ఎనభై దాటి ఉంటాయి. గట్టుమీద జడల రామలింగేశ్వరునికి అమావాస్య జనం వచ్చిపోతున్నారు, ఆటోల రొద. ఆయన మాత్రం వేలితో నేలమీద గీతలు గీస్తూ ఒక్కొక్క చెలక పేరూ, దానిపక్క చెలక పేరూ, ఏ చెలకలో ఏ యేడు సజ్జ బాగా పండింది, ఎవరి అన్నదమ్ముల పంపకంలో ఏది రెండయింది, అన్నీ చెబుతూ పోయాడు. నలభైమూడు పేర్లు. రెండుగంటలు ఎట్లా గడిచాయో తెలియదు. లేచేటప్పుడు "ఇంతకు మీరెవలు సారూ? భూములు కొనేటోళ్ళా?" అన్నాడు.

"కాదు పెద్దయ్యా, బడిపంతుల్ని."

"ఏ ఊర్ల?"

చెప్పాను. ఆ బడిలోనే ఆయన మనుమడు చదివాడట, నా తరగతిలోనే అయి ఉండాలి. ఆయనకు నేను గుర్తులేను, మనుమడు నా మాట ఎన్నడూ చెప్పినట్టు లేదు. మరొకప్పుడైతే నా పేరు, నేను పనిచేసిన సంవత్సరాలు చెప్పి గుర్తుచేయబోయేవాణ్ణి. ఆనాడు నాకు ఆ ఊహే రాలేదు. నలభైనాలుగో పేరు ఒకటి ఆయన నాలుకచివర ఆడుతూ అందడం లేదు, మా ఇద్దరి మనసూ దానిమీదనే ఉన్నది. కోరికను జయించానని చెప్పుకోవడానికి ఇది వ్రాయడం లేదు. జయమూ లేదు, యుద్ధమూ లేదు. ఆ రెండుగంటలు నా అవధానానికి వేరేచోట పని పడింది, నన్ను గమనించుకునే తీరిక నాకే లేకపోయింది. నాకు తెలిసినంతవరకు ఈ కోరిక పల్చబడే దారి ఇదొక్కటే. మిగిలినవన్నీ దాన్ని మంచిబట్టలు కట్టించి కూర్చోబెట్టే ఉపాయాలు.

ఈ వాదాన్ని మొన్న రాత్రి భోజనాల వేళ మా ఇంట్లో వినిపించాను. మా ఇంటావిడ సాంతం విని, చారు వడ్డిస్తూ అన్నది: "మీకేంది, ముప్పైయేండ్లు తిన్నంత దండాలు తిన్నరు. కడుపు నిండినోళ్ళకు వద్దనుడు అల్కనే. నేను నలభై ఏండ్లసంది ఈ పొయ్యికాడ నిలబడితి. నన్ను జూసిందెవరు, నేను విడిచిపెట్టనీకె?"

పెద్దమాటే అన్నది. శిల్పిని గురించి నేను వ్రాసుకున్న వాక్యాన్నే ఆమె తిప్పి నా విస్తట్లో వేసింది. నాకున్న సమాధానం ఇది: ఆమెది ఆకలి, నా మిత్రునిది చాపల్యం, రెండింటికీ ఒకటే నీతి చెప్పకూడదని నేను ముందే ఒప్పుకున్నాను. ఆమెకు ఉపదేశం చేయడం నా ఉద్దేశం కాదు. చూడవలసిన బాధ్యత చూపు దండిగా పొందినవారిది. 354 మందిని వెదికింది సంపాదకుడు గాని, "మమ్మల్ని చూడండి" అని ఆ పట్వారీలు వచ్చి నిలబడలేదు కదా అని కూడ అన్నాను.

"ఆ పుస్తకంల వంటింటోళ్ళెందరున్నరు?" అన్నది.

కొందరు కవయిత్రులు ఉన్నారని చెప్పాను. ఎందరని మళ్ళీ అడిగింది. లేచి చేయి కడుక్కుని, అలమరలోంచి సంచిక తీసి విషయసూచిక ముందేసుకుని లెక్కపెట్టడం మొదలుపెట్టాం. కొన్ని పేర్లదగ్గర ఆడవారో మగవారో తేలక ఇద్దరం వాదులాడుకున్నాం. పదిన్నరకు కరెంటు పోయింది. సగం దాకా వచ్చాం.